ఒకే లేఅవుట్‌పై డీసీ, డీసీసీ, బ్యాటరీ రైళ్లు: రాయగడ మిత్రునికి వివరమైన జవాబు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీ నాన్నగారు ముప్పై ఏళ్ల క్రితం వేసిన హెచ్‌ఓ (అసలుకు 87వ వంతు సైజు) మోడల్ రైళ్ల లేఅవుట్ పాత 12 వోల్టుల డీసీ కంట్రోలర్‌తో నేటికీ నడుస్తోంది. మీరు ఈ మధ్య ఒక డీసీసీ సెట్టు, అంటే పట్టాల గుండానే ఇంజన్లకు డిజిటల్ ఆజ్ఞలు పంపే సెట్టు, కొన్నారు. మీ తమ్ముడు ఫోనుతో నడిచే బ్యాటరీ ఇంజను ఒకటి సొంతంగా కట్టుకున్నాడు. ఈ మూడూ ఒకే బల్లపై, వీలైతే అవే పట్టాలపై నడవాలని మీ కోరిక. రెండు కంట్రోలర్ల వైర్లనూ పట్టాలకు కలిపేసి, ఒక సమయంలో ఒకదాన్నే ఆన్ చేసుకుంటే చాలునని ఎవరో మీకు చెప్పారు.

ఆ చివరి సలహాను మాత్రం దయచేసి పాటించకండి. కంట్రోలర్‌ను ఆపడం వేరు, పట్టాల నుంచి విడదీయడం వేరు. డీసీ పద్ధతిలో రెండు పట్టాల మధ్య 0 నుంచి 12 వోల్టుల వరకు కరెంటు ఉంటుంది. నాబ్ తిప్పిన కొద్దీ వోల్టేజీ పెరిగి ఇంజను వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్‌లు తారుమారైతే దిశ మారుతుంది. డీసీసీలో ఇంజను నిలబడి ఉన్నా సరే పట్టాలపై ఎప్పుడూ పూర్తి వోల్టేజీ, హెచ్‌ఓ సెట్లలో సుమారు 14 నుంచి 15 వోల్టులు, ఉంటుంది. అందులో ప్లస్ మైనస్‌లు సెకనుకు వేల సార్లు మారుతూ ఉంటాయి, ఆ మార్పుల నిడివిలోనే ఆజ్ఞలు దాగి ఉంటాయి: ఒక్కొక్క సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది 1, సుమారు 100 మైక్రోసెకన్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది 0. జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతిని ఆధారం చేసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల దశకంలో ప్రమాణాలను ఖరారు చేసింది. వేర్వేరు కంపెనీల డీకోడర్లు (ఇంజనులో ఉండి ఆ ఆజ్ఞలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్లు) వేర్వేరు సెట్లపై ఈనాడు నడుస్తున్నాయంటే అందుకు ఆ ప్రమాణాలే కారణం. ఇప్పుడు మీ నాన్నగారి కంట్రోలర్ ఆఫ్‌లో ఉండి, వైర్లు మాత్రం పట్టాలకే కలిసి ఉన్నాయనుకోండి. డీసీసీ కరెంటు ఆ వైర్ల గుండా వెనక్కి ప్రయాణించి, కంట్రోలర్ లోపలి డయోడ్లలోకీ ట్రాన్సిస్టర్లలోకీ చేరుతుంది. అవి ఆ దిశ నుంచి వచ్చే కరెంటును తట్టుకోవడానికి చేసినవి కావు. అదృష్టం బాగుంటే బూస్టర్, అంటే డీసీసీ కరెంటును పట్టాలకు ఇచ్చే పరికరం, షార్టు అని గుర్తించి ఆగిపోతుంది. లేకపోతే పాత కంట్రోలర్ కాలిపోతుంది.

కాబట్టి ఎన్ని వ్యవస్థలు పెట్టుకున్నా ఒక్క నియమం తప్పకూడదు: ఏ పట్టా ముక్కకైనా ఏ క్షణంలోనైనా ఒకే యజమాని ఉండాలి. దీనికి కావలసినది రేడియో విడిభాగాల దుకాణంలో దొరికే ఆరు కాళ్ల డీపీడీటీ టాగిల్ స్విచ్, అంటే రెండు తీగలనూ ఒకేసారి ఇటో అటో మార్చేది. అందులోనూ మధ్యలో ఆగే స్థానం, అంటే సెంటర్ ఆఫ్, ఉన్నదే తీసుకోండి. మీ బూస్టర్ ఇచ్చే ఆంపియర్లకు తగ్గకుండా చూసుకోండి. మధ్య రెండు కాళ్లకు పట్టాలు, ఒక పక్క రెండు కాళ్లకు డీసీ కంట్రోలర్, రెండో పక్క రెండు కాళ్లకు డీసీసీ బూస్టర్ కలపాలి. ఒక్క తీగను మాత్రమే మార్చే మూడు కాళ్ల స్విచ్‌తో పని కాదు, ఎందుకంటే రెండో తీగ రెండు వ్యవస్థలకూ ఉమ్మడిగా మిగిలిపోతుంది.

ఈ ఉమ్మడి తీగ విషయంలోనే మీ లేఅవుట్ గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. ఆ కాలంలో వేసిన డీసీ లేఅవుట్లలో చాలా వాటిని కామన్ రైల్ పద్ధతిలో కట్టేవారు: సెక్షన్లు విడదీయడానికి ఒక వైపు పట్టాను మాత్రమే కోసి, రెండో వైపు పట్టాను బల్ల అంతటా ఒకే తీగగా వదిలేసేవారు. వైరు ఖర్చు తగ్గేది, డీసీకి అది చక్కగా సరిపోయేది కూడా. బల్లలో ఒక భాగం డీసీకి, మరొక భాగం డీసీసీకి ఇవ్వాలనుకుంటే ఆ కట్టుబడి ఇప్పుడు పనికిరాదు. హద్దు దగ్గర రెండు పట్టాలనూ కోసి, రెండింటికీ ప్లాస్టిక్ జాయినర్లు వేయాలి. వైర్లన్నీ విప్పి, ఇంజన్లనూ లైట్లున్న పెట్టెలనూ దింపేసి, మల్టీమీటర్‌ను బీప్ స్థానంలో పెట్టి, హద్దుకు ఇటు పట్టా నుంచి అటు పట్టాకు రెండు వైపులా చూడండి. ఎక్కడ బీప్ వినిపిస్తే అక్కడ బల్ల కింద ఏదో ఒక పాత వైరు ఇంకా కలిసి ఉన్నట్లే.

ఇక ఒక్కొక్క జత సంగతి చూద్దాం. డీకోడర్ లేని పాత ఇంజనును డీసీసీ పట్టాలపై పెట్టవచ్చునా అని అడిగారు. డీసీసీలో ప్రతి ఇంజనుకూ చిరునామా అనే ఒక నంబరు ఉంటుంది; కొన్ని సెట్లలో 0 చిరునామాతో అలాంటి డీకోడర్ లేని ఇంజనును నడిపే వీలు ఉంది. 0 బిట్ల నిడివిని ఒక వైపుకు సాగదీసి, ఆ తేడాతో మోటారును తిప్పుతారు. ఇది ప్రమాణంలో ఉన్నదే. అయినా నేను దాన్ని సిఫార్సు చేయను. ఇంజను నిలబడి ఉన్నప్పుడు కూడా మోటారు గుండా కరెంటు అటూ ఇటూ పోతూనే ఉంటుంది. ఆ సన్నని మోత వినిపిస్తున్నంతసేపూ మోటారు వేడెక్కుతున్నట్లే లెక్క. నేను ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో కోర్‌లెస్ మోటారు ఉన్న ఒక చిన్న షంటింగ్ ఇంజనును ఇలాగే స్టేషనులో నిలిపి, భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గదిలో వార్నిష్ కాలిన వాసన వచ్చింది, ఇంజను పైకప్పు మెత్తబడి ఒక పక్కకు వంగింది. ఇనుప కోరు లేని మోటారులో తీగ చుట్టకు వేడిని పీల్చుకునే ఆధారం ఉండదు, అందుకే అది అంత త్వరగా పోతుంది. మీ నాన్నగారి ఇంజన్లకు డీకోడర్లు పెట్టించే వరకు వాటిని డీసీ పట్టాలపైనే ఉంచండి. స్విచ్‌ను డీసీసీ వైపు వేసే ముందు అవి పట్టాలపై లేవని కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

దీనికి ఎదురు జత, అంటే డీకోడర్ ఉన్న ఇంజనును డీసీపై నడపడం, ఇంత ప్రమాదకరం కాదు. చాలా డీకోడర్లు రెండింటినీ గుర్తిస్తాయి. దానికి సీవీ29 అనే అమరికలో 4 విలువ గల బిట్ ఆన్‌లో ఉండాలి. కొత్త డీకోడర్లలో సాధారణంగా కనిపించే 6 అనే విలువలో అది ఉంటుంది. డీకోడర్‌లోని ఎలక్ట్రానిక్స్ మేల్కోవడానికే కొన్ని వోల్టులు కావాలి కాబట్టి, పాత ఇంజను కదిలే చోట ఇది కదలకపోవచ్చు. శబ్దం వచ్చే డీకోడరైతే నాబ్ ఇంకా పైకి తిప్పాలి. పల్స్ పద్ధతిలో కరెంటు ఇచ్చే పాత కంట్రోలర్లతో డీకోడర్లు తికమకపడతాయి, కొన్ని పాడవుతాయి కూడా. మీ కంట్రోలర్ వెనుక పల్స్ లేదా హాఫ్ వేవ్ అని రాసి ఉంటే దానిపై డీకోడర్ ఇంజను పెట్టకండి. మరొక సంగతి, 12 వోల్టులని రాసి ఉన్న పాత కంట్రోలర్లు లోడు లేనప్పుడు అంతకంటే చాలా ఎక్కువే ఇవ్వవచ్చు. నాబ్ పూర్తిగా తిప్పి మీటరుతో కొలిచి చూసుకోండి. అదే మీటరుతో డీసీసీ వోల్టేజీని కొలిస్తే వచ్చే అంకెను మాత్రం కచ్చితమని నమ్మకండి, ఎందుకంటే మామూలు మీటరులోని ఏసీ స్థానం మన ఇంటి 50 హెర్ట్జ్ కరెంటు కోసం చేసినది.

అయితే ఇంజనును ఇక ఎప్పుడూ డీసీపై నడపదలచుకోకపోతే ఆ 4 విలువను తీసివేసి, సీవీ29ను 6 నుంచి 2కు మార్చడం మంచిది. డీసీ అనుమతి ఉన్న డీకోడర్ పట్టాలపై నిలకడ వోల్టేజీ కనిపించగానే దాన్ని డీసీ నాబ్ పూర్తిగా తిప్పినట్లుగా భావించి, పూర్తి వేగంతో దూసుకుపోతుంది. హద్దు దగ్గర పొరపాటు జరిగినప్పుడు ఇంజన్లు బల్లపై నుంచి కింద పడడానికి ఇదే ఎక్కువగా కారణమవుతుంది.

హద్దు గురించి ఇంకొంచెం ఆగి చెప్పాలి. పట్టాను కోసి ప్లాస్టిక్ జాయినర్ వేసినంత మాత్రాన రెండు వ్యవస్థలూ విడిపోయినట్లు కాదు. రైలు ఆ కోతను దాటుతున్నప్పుడు లోహపు చక్రాలే రెండు వైపులనూ కలుపుతాయి. ఒక్క చక్రమైతే అది రెప్పపాటు. నాలుగు ఇరుసుల నుంచీ కరెంటు తీసుకునే లైట్ల పెట్టె అయితే, ముందు చక్రాలు ఇటు, వెనుక చక్రాలు అటు ఉన్నంతసేపూ ఆ పెట్టె లోపలి వైర్లు వంతెనలా పనిచేస్తాయి. పది పెట్టెల బండి నెమ్మదిగా దాటితే ఆ కలయిక పది సార్లు జరుగుతుంది. దీనికి అందరూ చెప్పే పరిష్కారం బదిలీ సెక్షన్: అత్యంత పొడవైన బండి కంటే పొడవుగా, రెండు చివర్లా రెండు పట్టాలూ కోసి ఉన్న ముక్క ఒకటి పెట్టి, దాన్ని డీపీడీటీ స్విచ్‌తో ఇటో అటో మార్చుకోవడం. బండి పూర్తిగా లోపలికి వచ్చి ఆగాలి, స్విచ్ మార్చాలి, ఆ తరువాతే అటు వైపుకు బయలుదేరాలి. నేను అలాంటిది కట్టి రెండేళ్లు వాడాను. విద్యుత్ పరంగా అందులో లోపం లేదు. కానీ నడిపే మనిషి ఒక్కసారి మరచిపోతే చాలు, ప్రమాదం జరుగుతుంది. పైగా, దాన్ని దాటే ప్రతి ఇంజనుకూ డీకోడర్ ఉండాలి, డీసీ అనుమతి ఆన్‌లో ఉండాలి. అంటే, పైన ఏది తీసివేయమన్నానో దాన్నే ఉంచుకోవలసి వస్తుంది. చివరికి ఆ సెక్షన్‌ను తీసేశాను.

దాని స్థానంలో నేను చేసినది మా ఊరి రైలు నేర్పిన పని. నేను పర్లాకిమిడిలో ఉంటాను. 1900లో నౌపడా నుంచి ఇక్కడికి వచ్చి, 1931లో గుణుపురం దాకా సాగిన రెండున్నర అడుగుల చిన్న గేజి రైలు 2004 వరకు మా ఊరి మీదుగా నడిచింది. తరువాతే బ్రాడ్ గేజికి మారింది. నౌపడా జంక్షన్‌లో చిన్న రైలు, మెయిన్ లైను రైలు పక్కపక్కన ఆగేవి గానీ ఒకదాని పట్టాలపైకి మరొకటి ఎక్కే మార్గమే లేదు; మనుషులు దిగి అటు ఎక్కేవారు, సరుకును దించి ఎత్తేవారు. నా లేఅవుట్ ఆ జంక్షనే. మెయిన్ లైనును 16.5 మిల్లీమీటర్ల హెచ్‌ఓ పట్టాలతోనూ, చిన్న గేజిని 9 మిల్లీమీటర్ల పట్టాలతోనూ వేశాను. 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 8.8 దాకా వస్తుంది కాబట్టి 9 మిల్లీమీటర్ల పట్టా చక్కగా సరిపోతుంది. మెయిన్ లైను డీసీసీతో, చిన్న రైలు పాత డీసీ కంట్రోలర్‌తో నడుస్తాయి. గేజి వేరు కాబట్టి ఒక ఇంజను పొరపాటున కూడా రెండో వ్యవస్థలోకి పోలేదు, ఏ స్విచ్‌నూ గుర్తు పెట్టుకోనక్కరలేదు. మీకు చిన్న గేజి వేసే ఆలోచన లేకపోయినా ఇదే పద్ధతి పాటించవచ్చు: మీ నాన్నగారి లేఅవుట్‌లో పేపరు మిల్లు సైడింగో, గనుల లైనో ఒకటి విడిగా ఉంటే దాన్ని డీసీకి వదిలి, మెయిన్ లైనుకు దానికి మధ్య ఒక పట్టా ముక్క తీసేయండి. వ్యాగన్లను చేత్తో అటు పెట్టుకోవచ్చు.

ఇక రెండు డీసీసీ సెట్లు కలపడం గురించి. మీకు ఇప్పుడు ఒకటే ఉన్నా, మీ స్నేహితుడు వేరే కంపెనీ సెట్టు తెస్తానన్నాడని రాశారు. ఒకే కంపెనీవైనా, వేర్వేరు కంపెనీలవైనా, రెండు కమాండ్ స్టేషన్లు (ఆజ్ఞల సంకేతాన్ని తయారుచేసే పరికరాలు) స్వతంత్రంగా సంకేతాలు పుట్టిస్తే వాటి ప్లస్ మైనస్‌లు ఎప్పుడూ ఒకేసారి మారవు. ఒకటి ప్లస్ 15లో ఉన్నప్పుడు రెండోది మైనస్ 15లో ఉంటే, హద్దుపై నిలిచిన చక్రం దగ్గర 30 వోల్టుల తేడా ఉంటుంది. కరెంటు సరిపోక మరో బూస్టర్ కావాలంటే, ఉన్న కమాండ్ స్టేషన్ నుంచే సంకేతం తీసుకునే బూస్టర్ కొనాలి, ఇంకో కమాండ్ స్టేషన్ కాదు. అప్పుడు రెండు భాగాలూ ఒకే తాళంలో ఉంటాయి. హద్దు దగ్గర బండి ఆగితే వైర్లు ఇటు అటు అయ్యాయని అర్థం, ఒక వైపు రెండు తీగలు మార్చితే సరిపోతుంది.

ఆ స్నేహితుని సెట్టును వేరే బల్లపై నడిపినా, మీ ఇంజన్లు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతాయి కాబట్టి రెండు సంగతులు చూసుకోవాలి. 100 నుంచి 127 వరకు ఉన్న చిరునామాలను లెంజ్ పొడవైన చిరునామాలుగా తీసుకుంటుంది, డిజిట్రాక్స్ అనే మరో కంపెనీ పొట్టి చిరునామాలుగా తీసుకుంటుంది. ఒక చోట చక్కగా నడిచిన 112వ నంబరు ఇంజను రెండో చోట పలకదు, డీకోడర్ పోయిందని మనం బాధపడతాం. ఆ మధ్య అంకెలను అసలు వాడకండి. 99 లోపు గానీ 128 పైన గానీ పెట్టుకోండి. రెండోది డీకోడర్‌లోని సీవీ11 అనే అమరిక. తనకు ఆజ్ఞలు ఆగిపోయిన తరువాత డీకోడర్ ఎంతసేపు వేచి చూసి ఇంజనును ఆపాలో అది చెబుతుంది. అందులో 0 ఉంటే ఎప్పటికీ ఆపదు. తన పేరు తెలియని కమాండ్ స్టేషన్ పరిధిలోకి వెళ్లిన ఇంజను పాత వేగంతోనే పోతూ ఉంటుంది, ఇక్కడ నాబ్ ఎంత తగ్గించినా లాభం ఉండదు. ఆ విలువను 0 కాకుండా పెట్టి, బల్ల చివర పరీక్షించి చూసుకోండి.

ఇంతవరకు చెప్పినవన్నీ జాగ్రత్తలే. రెండో వ్యవస్థ వల్ల నిజంగా మేలు జరిగే చోటు ఒకటి ఉంది, కానీ దాన్ని చాలామంది వాడుకోరు. అది రైళ్లకు కాదు, పాయింట్లకు, అంటే బండి ఒక లైను నుంచి మరో లైనుకు మారే చోట్లకు. పాయింట్ మోటార్లకు కరెంటూ, ఆజ్ఞా పట్టాల నుంచే ఇస్తే, వేరే దారికి తిప్పి ఉన్న పాయింట్‌లోకి బండి వెళ్లి షార్టు అయినప్పుడు బూస్టర్ ఆగిపోతుంది. ఆ షార్టును తొలగించాలంటే పాయింట్ మార్చాలి. పాయింట్ మార్చాలంటే కరెంటు కావాలి. కరెంటు రావాలంటే షార్టు పోవాలి. చేత్తో బండిని ఎత్తడం తప్ప దారి ఉండదు. అందువల్ల పాయింట్లకూ సిగ్నళ్లకూ పూర్తిగా వేరే సరఫరా, వేరే ఆజ్ఞల తీగ పెట్టండి. ఆర్డుయినో మెగా బోర్డుపై నడిచే డీసీసీ ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక చిన్న కమాండ్ స్టేషన్‌ను మీరే కట్టుకోవచ్చు. దాని తీగ పట్టాలకు కాకుండా పాయింట్ డీకోడర్లకు మాత్రమే వెళుతుంది కాబట్టి, మెయిన్ సెట్టుతో తాళం కలవనవసరమే లేదు. నా లేఅవుట్‌లో ఈ మార్పు చేసిన తరువాతే పిల్లలకు కూడా ధైర్యంగా నడపనివ్వగలిగాను.

ఇలా విడదీస్తే చేతిలో రెండు రిమోట్లు పట్టుకోవాలా అంటే అక్కరలేదు. జేఎంఆర్‌ఐ అనే ఉచిత ప్రోగ్రాంను పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, రెండు వ్యవస్థలనూ దానికి వేర్వేరు కనెక్షన్లుగా కలపవచ్చు. ప్రతి కనెక్షనుకూ ఒక గుర్తు అక్షరం ఉంటుంది కాబట్టి ఏ ఆజ్ఞ ఎటు పోవాలో దానికి తెలుస్తుంది. అదే ప్రోగ్రాంలోని వైథ్రాటిల్ సర్వర్‌ను ఆన్ చేస్తే, ఫోనులోని ఇంజన్ డ్రైవర్ యాప్‌తో ఇంజన్లనూ పాయింట్లనూ ఒకే తెరపై నడపవచ్చు. పాయింట్ నంబర్లు కొన్ని సెట్ల మధ్య నాలుగు తేడాతో కనిపిస్తాయి. 1 నొక్కితే 5 కదిలిందంటే వైరింగ్ తప్పు కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

మీ తమ్ముని బ్యాటరీ ఇంజను ఈ మూడింటిలో ఎవరితోనూ తగవు పడనిది. పట్టాలపై ఏ కరెంటు ఉన్నా, లేకపోయినా దానికి పట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు నా బల్లపై కదిలినది అలాంటి ఇంజను ఒక్కటే. చక్రాల నుంచి మోటారుకు వెళ్లే వైర్లన్నీ పూర్తిగా తెంచి, బ్యాటరీకే మోటారు కలిపి ఉందో లేదో మాత్రం చూడండి. పాత ఇంజన్ల లోహపు చట్రం ఒక వైపు చక్రాలన్నిటినీ కలిపి ఉంచుతుంది, అది హద్దులపై అదే వంతెన పని చేస్తుంది. లిథియం సెల్లు ఒక్కొక్కటి 4.2 వోల్టులకు మించి ఛార్జి కాకుండా, 3 వోల్టుల కంటే దిగకుండా కాపాడే బోర్డు తప్పనిసరి. రేడియో మాడ్యూల్ విదేశం నుంచి తెప్పిస్తే దాని పౌనఃపున్యం చూడండి: అమెరికాలో వాడే 915 మెగాహెర్ట్జ్ ప్రాంతం మన దేశంలో లైసెన్సు లేకుండా వాడడానికి లేదు, 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ మనకు అనుమతి ఉన్నవి. 2.4లో ఇంటి వైఫై కూడా ఉంటుంది కాబట్టి, రౌటరును 1, 6, 11 ఛానళ్లలో ఒకదానికి స్థిరపరచి, ఏది ఖాళీగా ఉంటే అది రైళ్లకు వదలండి.

మన జిల్లాల్లో కరెంటు పోయి రావడం మామూలే కనుక ఇంకొక జాగ్రత్త చెప్పాలి. డీసీ నాబ్ పైకి తిప్పి ఉండగా కరెంటు పోయి, తిరిగి వస్తే, గదిలో ఎవరూ లేకపోయినా ఇంజను బయలుదేరుతుంది. రెండు వ్యవస్థలనూ, పాయింట్ల సరఫరానూ ఒకే మెయిన్ స్విచ్ కిందికి తెచ్చి, కరెంటు పోగానే ఆ స్విచ్ ఆపే అలవాటు ఇంట్లో అందరికీ నేర్పండి.

మీరు ఈ వారం చేయవలసినది ఇంతే: కామన్ రైల్ ఉందేమో మీటరుతో చూడండి, మొత్తం లేఅవుట్‌కు ఒకే ఒక్క సెంటర్ ఆఫ్ డీపీడీటీ స్విచ్ పెట్టండి, హద్దులూ సెక్షన్లూ ఏవీ ఇప్పుడే కోయకండి. డీసీసీ వైపు వేసిన తరువాత పట్టాల వెంట ఒక్కో మీటరు దూరంలో, ప్రతి పాయింట్ అవతలా, రూపాయి బిళ్లను రెండు పట్టాలపై అడ్డంగా పెట్టి చూడండి. పెట్టగానే బూస్టర్ ఆగాలి. ఆగని చోట పట్టాకు వచ్చే వైరు సన్నగా ఉందనో, జాయినర్ వదులైందనో అర్థం. అక్కడ బల్ల కింది మెయిన్ వైరు నుంచి కొత్త తీగ ఒకటి పైకి తెచ్చి పట్టాకు టంకం వేయండి. బిళ్ల పరీక్షలో ఎక్కడెక్కడ ఆగలేదో ఒక కాగితంపై లేఅవుట్ గీసి గుర్తులు పెట్టి పంపితే, పాయింట్ల వైరింగ్ ఎలా విడదీయాలో ఆ బొమ్మపైనే గీసి పంపుతాను.